నిశ్శేషం కింద జానెడు బట్టలు

మా వీధిలో అందరూ ఆమెను టేపమ్మ అంటారు. కుట్టుపనివాళ్ళ మెడలో ఉండే కొలత టేపు ఆమె మెడలో పొద్దస్తమానం వేలాడుతూ ఉంటుంది. కూరగాయల బండి దగ్గర బేరమాడేటప్పుడు కూడా ఒక చేత్తో దాని కొస చుట్టడం, విప్పడం చేస్తూనే ఉంటుంది. కంగారు మనిషి. గ్యాసు కట్టేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వెళ్ళే రకం. ఆ కంగారు ఒకసారి ఆమెను ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చెప్పాలంటే నేనూ కొంచెం తల వంచుకోవాలి. ఆ వ్యవహారంలో సగం పాపం నాది.

ఆమె పదకొండేళ్ళు ఒక ఆసుపత్రిలో దుప్పట్ల గదిలో పనిచేసింది. ఉతికి వచ్చినవి మడతపెట్టడం, చిరిగినవి కుట్టడం, పనికిరానివి విడగొట్టడం ఆమె పని. ఒకరోజు పసిపిల్లల వార్డు పెద్ద నర్సు ఒక బొమ్మ గౌను పట్టుకుని ఆ గదిలోకి వచ్చింది. నెలలు నిండకుండా పుట్టిన ఒక పాపకు ఏ దుకాణంలోనూ సరిపడే చొక్కా దొరకలేదట. వాళ్ళ నాన్న బొమ్మల కొట్టుకు వెళ్ళి, బొమ్మ ఒంటి మీది గౌను విప్పించి తెచ్చాడట. దాని లేసు ఒరుసుకుని పాప మెడంతా కందిపోయింది. పాప బరువు పదకొండు వందల గ్రాములు. ఇంత పిల్లకు ఏమైనా చెయ్యగలవా అని నర్సు రెండు అరచేతులూ దగ్గర పెట్టి చూపించింది.

టేపమ్మ వాడి వాడి వెన్నలా మెత్తబడిన పాత దుప్పటి ఒకటి తీసి, గంటలో ఒక చొక్కా కుట్టి ఇచ్చింది. కుట్లన్నీ పైవైపుకు పెట్టింది, చర్మానికి తగలకూడదని. గుండీలు లేవు, పక్కన ముడివేసే పట్టీలు. బిడ్డను ఎత్తనక్కర లేకుండా కింద పరిచి తొడగొచ్చు. ఒంటికి అంటించిన తీగలు బయటికి రావడానికి పక్కన చిన్న సందు. ఆ పాప ఆ చొక్కాలోనే పెరిగి, అది పొట్టయ్యాక ఇంటికి వెళ్ళిందని నర్సు చెప్పినప్పుడు టేపమ్మ సంతోషించే ముందు, పట్టీలు బిగుసుకోలేదు కదా అని అడిగిందట.

తరవాత ఆసుపత్రివాళ్ళు దుప్పట్ల పనంతా బయటి కంపెనీకి అప్పజెప్పారు. ఆమె ఇంట్లో మిషను పెట్టుకుంది. అందరూ నెలల్ని బట్టి సైజులు పెడితే ఆమె గ్రాముల్ని బట్టి పెట్టింది. కిలో, కిలోంబావు, కిలోన్నర. పాత వార్తాపత్రికలు కత్తిరించి ఒక్కో బరువుకు ఒక్కో అచ్చు చేసుకుంది. టోపీ కుట్టాక నారింజకాయకు తొడిగి చూసేది. చొక్కా కుట్టాక లోపలివైపు తన చెంపకు రుద్దుకునేది. ఎక్కడైనా దారం ముడి గరగరలాడితే మొత్తం విప్పేసేది.

ఇక ఇంటి సంగతి. ఆమె బావగారు, అంటే భర్తకు అన్నగారు, ఎలుకలు, చెదలు, బొద్దింకల మందు కొట్టే వ్యాపారం చేస్తారు. టేపమ్మ భర్త కూడా ఆయన దగ్గరే పని. అన్నదమ్ములిద్దరూ వీపున సిలిండర్లు తగిలించుకుని గోదాములకు, హోటళ్ళకు వెళ్ళేవాళ్ళు. ఇల్లు ఒకటే, వంట ఒకటే. ముందు గది ఆఫీసు, వెనక గది టేపమ్మ మిషను గది. మందు డబ్బాలు ఇంట్లోకి రాకూడదని, పెరట్లో విడిగా రేకుల గది కట్టించింది బావగారే. పని బట్టలతో ఆయన ఎప్పుడూ వెనక గది గడప దాటలేదు. ఏదైనా చెప్పాలంటే గడప ఇవతల నిలబడే చెప్పేవారు.

ఆ వ్యాపారానికి ఆయన నెలరోజులు ఆలోచించి 'నిశ్శేషం' అని పేరు పెట్టారు. ఆ మాట వింటే చాలు, ఎలుక మూటాముల్లె సర్దుకోవాలి అనేవారు నవ్వుతూ. నేను అంతకుముందు బడిలో కంప్యూటరు పాఠాలు చెప్పేదాన్ని. మానేశాక వీధి మలుపులో ఒక గది తీసుకుని చిన్న చిన్న వ్యాపారాలకు వెబ్‌సైట్లు చేసిపెడుతున్నాను. నిశ్శేషం సైటు నేను చేసిందే. పేరు పక్కన రావడానికి ఎర్రగీత కొట్టిన బొద్దింక బొమ్మ కూడా నేనే గీశాను. ఆయనకు ఆ బొమ్మంటే ఎంత ఇష్టమో చెప్పలేను.

ఏడాది తరవాత బావగారే మరదలి పని గురించి నాకు చెప్పారు. చిన్నకోడలికి కూడా ఒక పేజీ కావాలని, వేరే సైటు ఎందుకని, మన దాంట్లోనే ఒక మూల పెట్టెయ్యమని అన్నారు. మంచి మనసుతో అన్న మాట. నేను సరేనని, ఆయన అడ్రసు వెనక గీత పెట్టి ఆమె పేజీ తగిలించాను. ఫొటోలు పెట్టాను, ఫోన్ నంబరు పెట్టాను. ఆ పేజీ సెర్చ్‌లో ఎలా కనిపిస్తుందో మాత్రం ఒక్కసారి కూడా వెతికి చూసుకోలేదు. అప్పట్లో ఆమెకు పనంతా నర్సుల నోటిమాట మీదే వచ్చేది. నంబరు చేతులు మారేది, సెర్చ్ చేసేవాళ్ళు లేరు.

ఒక మధ్యాహ్నం పెద్ద నర్సు టేపమ్మకు ఫోన్ చేసింది. వార్డులో ఒక తల్లికి కవలలు పుట్టారు. ఇద్దరూ ఏడో నెలలోనే. ఒక బిడ్డ అంతకు రెండురోజుల ముందు పోయింది. రెండో బిడ్డ పదమూడు వందల గ్రాములు. ఆ సమయానికి తన ఫోన్ చేతిలో లేక, ఫోన్లో వెతకండి, నెల తక్కువ పిల్లల బట్టలు కుట్టే ఆమె ఉంది అని నర్సు ఆ తల్లి చెల్లెలికి చెప్పింది. చెల్లెలు వెతికింది. దొరికిందక్కా అని ఫోన్ అక్క చేతిలో పెట్టింది.

పై వరసలో ఎర్రగీత కొట్టిన బొద్దింక, పక్కన 'నిశ్శేషం' అని పేరు. దాని కింద పెద్ద నీలం అక్షరాలతో, 'నెల తక్కువ పిల్లల బట్టలు'.

ఆ తల్లి ఏడవలేదట, అరవలేదట. ఫోన్ బోర్లించి మంచం మీద పెట్టి, ఆ బట్టలు మాత్రం వద్దు అందట. అది నిజంగా నీ సైటేనా, ఎవరైనా గిట్టనివాళ్ళు ఏదన్నా చేశారా అని నర్సు అడిగింది. కనుక్కుని చెబుతానని టేపమ్మ ఫోన్ పెట్టేసింది. భర్త ఫోన్లో వెతికింది. కనిపించింది. తోడికోడలి ఫోన్లో వెతికింది. అక్కడా కనిపించింది. ఆ పూట ఆమె అన్నం కలిపి, తినకుండా చేయి కడుక్కుంది.

మర్నాడు పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది. సంగతంతా చెప్పి, ఇది ఎలా జరిగింది టీచరుగారూ అని అడిగింది. ఎలా జరిగిందో నాకు తెలుసు. తెలిసీ ముందు ఆలోచించలేదు.

"సైటుకి వాకిలి ఒక్కటే అమ్మా" అన్నాను. "సెర్చ్ ఆ వాకిలి మీదున్న బోర్డు చూసి పేరు రాసుకుంటుంది. లోపల ఎన్ని గదులున్నా అన్నిటికీ అదే పేరు, అదే బొమ్మ. నీ పేజీ మీ బావగారి వాకిట్లోంచి వెళ్ళే గది."

"నా గదికి విడిగా బోర్డు పెట్టలేరా?"

"లోపలి గదికి కుదరదు. నీకంటూ ఒక అడ్రసు తీసుకుని వేరే పెట్టాలి."

వేరే అన్న మాట వినగానే ఆమె చేతిలో టేపు ఆగిపోయింది.

ఎందుకో నాకు తరవాత అర్థమైంది. నాలుగేళ్ళ కిందటి దాకా బావగారికి ఒక భాగస్వామి ఉండేవాడు, ఆయన మేనత్త కొడుకే. ఒకరోజు చడీచప్పుడు లేకుండా వేరుపడి, పక్క వీధిలో అదే వ్యాపారం తెరిచాడు. పాత ఖాతాదారుల్లో సగం మందిని తనవైపు తిప్పుకున్నాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో వేరు అనే మాట ఎవరూ ఎత్తరు. ఎవరైనా వేరుశనగ అన్నా అన్నయ్య ఉలిక్కిపడతాడని టేపమ్మ భర్త వేళాకోళం చేసేవాడు, అదీ అన్నయ్య లేనప్పుడు. ఇప్పుడు తను వెళ్ళి నా సైటు వేరు చేసుకుంటానంటే, బావగారు ఏమనుకుంటారు? ఈ రోజు సైటు, రేపు పొయ్యి అనుకోరా? తన వెనక తన భర్త ఉన్నాడనుకోరా? ఆమె ఆలోచన అక్కడే గిరగిరా తిరిగింది.

భర్తతో చెప్పిస్తానంది. భర్త సరే సరే అన్నాడు కానీ అన్నగారి ఎదుట నోరు పెగల్లేదు. రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ సిలిండరు వాల్వు గురించి మాట్లాడి వచ్చాడట. పది రోజులు గడిచాయి. ఆ పది రోజులూ టేపమ్మ కనబడ్డ ఫోనల్లా అడిగి తీసుకుని వెతికింది. మందుల షాపతని ఫోను, నా ఫోను, బస్సులో పక్క సీటు ఆవిడ ఫోను. మాటిమాటికీ వెతికితే మారదమ్మా అని చెప్పాను. తెలుసు అంది, మళ్ళీ వెతికింది. కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తాలంటే భయం. ఎత్తకపోతే అవతల ఎవరి బిడ్డ ఎన్ని గ్రాములతో ఉందో అని ఇంకో భయం. ఎత్తి, తన పేరైనా చెప్పకుండా, మీకు నంబరు ఎవరిచ్చారు అని అడిగేది. ఇలా నిలదీస్తే అవతలివాళ్ళు బెదిరి పెట్టేసిన సందర్భాలూ ఉన్నాయి.

ఆ కవలల తల్లి ఇక బట్టలు అడగలేదు. ఆ బిడ్డ బరువు పెరిగి ఐదు వారాలకు ఇంటికి వెళ్ళాడని నర్సు తరవాతెప్పుడో చెప్పింది. ఏం తొడుక్కుని వెళ్ళాడని టేపమ్మ అడగలేదు.

పదకొండో రోజు ఆమె ఒక ఉపాయం పట్టుకుని వచ్చింది. బావగారి సైటుకు ఉన్న పేరునే, సెర్చ్ కోసం మాత్రం, కొన్నాళ్ళు మార్చగలమా? పైకి కనిపించే పేజీలో నిశ్శేషం అలాగే ఉంటుంది కదా? ఈలోగా మంచి సమయం చూసి ఆయనకు చెప్పుకుంటుంది.

కుదురుతుందని నాకు తెలుసు. ఆయన మొదటి పేజీలో నిశ్శేషం అనే పెద్ద అక్షరాలు నిజానికి అక్షరాలు కావు, బొమ్మ. యంత్రం దాన్ని చదవలేదు. అది చదివేది పేజీ శీర్షికను, పేజీ వెనక మనుషులకు కనిపించకుండా సైటు పేరు ఫలానా అని రాసిన ఒక చీటీలాంటి దాన్ని. ఆ రెండూ మారిస్తే చాలు. యజమానిని అడగకుండా ఆ పని చెయ్యకూడదని కూడా నాకు తెలుసు. వద్దు అనాల్సింది. కానీ బొద్దింక బొమ్మ గీసింది నేను, పేజీ తగిలించింది నేను, ఒక్కసారి వెతికి చూసుకోనిది నేను. ఆ తల్లి ఫోన్ బోర్లించడం నా కళ్ళ ముందే జరిగినట్టుంది. ఏం పేరు పెట్టమంటావు అని అడిగాను.

మొదట బుజ్జి బట్టలు అంది. అలాంటి పేర్లు వందల మందికి ఉంటాయి, సెర్చ్ పట్టించుకోదు, నీకు మాత్రమే ఉండే మాట చెప్పు అన్నాను. ఆమె టేపు వేళ్ళకు చుట్టుకుంటూ చాలాసేపు ఆలోచించింది. తన చెయ్యి చాచి, బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా చూసుకుంది.

"జానెడు" అంది. "నేను కుట్టే చొక్కాలన్నీ పొడవులో దీనికి కాస్త అటూ ఇటూగా ఉంటాయి."

మార్చేశాను. సెర్చ్ మళ్ళీ వచ్చి చదువుకోవాలి, రెండు రోజులైనా పట్టొచ్చు, మూడు వారాలైనా పట్టొచ్చు, అసలు ఒప్పుకోకపోనూ వచ్చు అని చెప్పాను.

ఆ తరవాత ఆమె భయం రెండింతలైంది. పాత పేరు అలాగే ఉంటే ఇంకో తల్లి చూస్తుంది. కొత్త పేరు వస్తే బావగారు చూస్తారు. వారం గడిచినా ఏమీ మారలేదు. పేరు మార్చిన పన్నెండో రోజు ఆమె వచ్చి, వద్దు టీచరుగారూ, ఉన్నది ఉన్నట్టు పెట్టెయ్యండి, నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు అంది. సోమవారం పెడతానన్నాను. అప్పుడే పెట్టెయ్యాల్సింది. ఏదో పనిలో ఉన్నాను. శనివారం పొద్దున పై వరసలో 'జానెడు' అని వచ్చి కూర్చుంది, పక్కన అదే బొద్దింకతో.

వెంటనే పాత పేరు తిరిగి రాశాను. కానీ నేను రాసినంత మాత్రాన ఏముంది? సెర్చ్ మళ్ళీ వచ్చి చదివేదాకా అదే పేరు. ఏ ఆఫీసుకు వెళ్ళి అర్జీ పెట్టుకుందామన్నా మనిషన్నవాడు లేడు. వచ్చి త్వరగా చదువుకోమని అడిగే వీలొకటి ఉంది, అలాగే అడిగాను. ఆ తరవాత ఎదురుచూడటమే. ఆ నాలుగు రోజులూ టేపమ్మ బావగారి చేతిలో ఫోన్ చూసినప్పుడల్లా నీళ్ళ గ్లాసుతోనో, ఏదో ఒక ప్రశ్నతోనో ఎదురు వెళ్ళిందట. ఆయనకు సైటు అడ్రసు కంఠతా వచ్చు కనక, ఎప్పుడూ వెతకరు. అదొక్కటే ఆమె ధైర్యం.

బుధవారం ఒక గోదాము మేనేజరు బావగారి ఎదుటే ఫోన్ తీసి వెతికాడు. పై వరసలో జానెడు, కింద 'గోదాముల్లో ఎలుకల నివారణ'. అతనికి నవ్వాగలేదు. ఏంటి సార్, జానెడు ఎలుకల్నే చంపుతారా, అంతకు మించితే వదిలేస్తారా అన్నాడట పదిమందిలో. బావగారికి మొదట ఏమీ అర్థం కాలేదు. పక్కనే ఉన్న తమ్ముడి ముఖం చూశారు. అప్పుడు అర్థమైంది.

సాయంత్రం ఐదింటికి ఇంటికి వచ్చారు. ఎప్పుడూ ముందు పెరట్లోకి వెళ్ళి స్నానం చేసే మనిషి, ఆ రోజు పని బట్టలతోనే నేరుగా వెనక గది దాకా వచ్చారు. వచ్చి గడప ఇవతలే ఆగిపోయారు. లోపల బల్ల మీద కిలోంబావు చొక్కాలు నాలుగు కత్తిరించి ఉన్నాయి. ఆ సంగతి చెబుతూ టేపమ్మ, అంత కోపంలోనూ ఆగిపోయారు టీచరుగారూ అంది నాతో.

"జానెడు అంటే ఏంటమ్మా?" అన్నారాయన.

ఆమె మిషను ముందు నుంచి లేచి నిలబడింది. దాచి ప్రయోజనం లేదనిపించి మొత్తం చెప్పింది. కవలల తల్లి సంగతి, తను నా దగ్గరికి రావడం, పేరు మార్పించడం. మధ్యలో ఎక్కడా భర్త పేరు రానివ్వలేదు. ఫోన్ తీసి, మొదటి రోజు సెర్చ్ తెరను ఫొటోగా పట్టి ఉంచుకున్నది చూపించింది. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకోలేదు, చేతులకు మందు ఉంటుందని. మెడ వంచి ఆమె చేతిలోనే చదివారు. బొద్దింక, నిశ్శేషం, నెల తక్కువ పిల్లల బట్టలు. ఒకసారి చదివి మళ్ళీ పైనుంచి చదివారు.

"ఈ పేరు పెట్టడానికి నెలరోజులు ఆలోచించాను" అన్నారు చివరికి. "నాతో చెబితే కాదంటాననుకున్నావా?"

"వేరుపడుతున్నాం అనుకుంటారని భయమేసింది బావగారూ."

"చెప్పకుండా చేస్తేనే అలా అనుకుంటారమ్మా."

అంతే అని స్నానానికి వెళ్ళిపోయారు. తరవాత మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అరిచి ఉంటే బాగుండేది అంది టేపమ్మ. ఆ మూడు రోజుల్లోనే ఇంకో దెబ్బ తగిలింది. ఒక శీతల గిడ్డంగిలో కొత్తగా చేరినవాళ్ళు నిశ్శేషం కోసం ఫోన్లో వెతికి, ఆ పేరు కనబడక, పక్క వీధి మేనత్త కొడుకును పిలిపించుకున్నారు. ఆరేళ్ళుగా ఉన్న ఖాతా అది. ఆ వార్త విన్న పూట టేపమ్మ మిషను మీద గుడ్డ కప్పేసింది. ఇక కుట్టనని, ఆ పేజీ తీసేయించమని భర్తతో అంది.

అప్పుడు తోడికోడలు రంగంలోకి దిగింది. పెద్దావిడ మాట తక్కువ మనిషి. భోజనాల దగ్గర, అందరూ వింటుండగా, కూర వడ్డిస్తూనే భర్తతో అంది. "సైటు వేరైతే ఇల్లు వేరైనట్టా? మనిద్దరికీ వేరే వేరే ఫోన్లున్నాయి, మనమేమైనా విడిపోయామా?" టేపమ్మ భర్తకు నవ్వు రాబోయి ఆగింది. బావగారు తల ఎత్తలేదు. కానీ ఇంకాస్త కూర వెయ్యమన్నారు. ఆ ఇంట్లో అది మెత్తబడిన గుర్తు.

మర్నాడు ఆయన నా గదికి వచ్చారు. నేను కుర్చీ చూపించాను, కూర్చోలేదు.

"ఆ పిల్లంటే భయపడింది టీచరుగారూ. మీకేమైంది? మీరు నాకొక ఫోన్ చేసుంటే సరిపోయేది కదా."

తప్పు నాదే అన్నాను. నా పేరున్న బోర్డు ఎవరైనా అర్ధరాత్రి మార్చేస్తే పోలీసులకు చెప్పేవాణ్ణి, ఇది ఎవరికి చెప్పుకోను అన్నారు. మళ్ళీ ఆయనే, తన పేరు ఎన్నాళ్ళకు తిరిగి వస్తుందని అడిగారు. చెప్పలేనన్నాను. ఆమెకు విడిగా అడ్రసు తీసుకుని చెయ్యడానికి ఏమేం కావాలని అడిగారు. చెప్పాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, దానికి బొద్దింక బొమ్మ పెట్టకండి అన్నారు. అది వెటకారమో, నిజంగా చెప్పడమో ఆయన ముఖంలో తెలియలేదు.

ఈసారి నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేశాను. కొత్త అడ్రసు, కొత్త మొదటి పేజీ. పేరును బొమ్మగా కాకుండా అక్షరాలతోనే రాశాను. శీర్షికలోనూ, పేజీ పైనా, వెనకున్న చీటీలోనూ ఒకే మాట, జానెడు. పక్కన రావడానికి చిన్న ఊలు టోపీ బొమ్మ గీశాను. పాత పేజీ తట్టినవాళ్ళు తిన్నగా కొత్తదానికి వెళ్ళేలా దారి మళ్ళించాను. అన్నీ చేశాక టేపమ్మను కూర్చోబెట్టి ఒక్కొక్కటీ చూపించాను. ఆమె ప్రతి అక్షరం కింద వేలు పెట్టి చదివింది. జానెడులో డు సరిగ్గా ఉందా అని రెండుసార్లు అడిగింది.

కొత్త సైటు పెట్టిన ఎనిమిదో రోజు నిశ్శేషం తిరిగి వచ్చింది. బావగారు నాకు ఫోన్ చేసి, వచ్చింది అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు, టేపమ్మ తప్ప. ఆమెది ఇంకా రాలేదు. పేరు ఉండాల్సిన చోట కొత్త అడ్రసు, పొడుగ్గా, చుక్కలతో సహా, ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తోంది. బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు గోళం. పేరున్న వ్యాపారం కాదనుకుందేమో టీచరుగారూ అనేది. కొత్తది కదా, నమ్మకం కుదరడానికి టైము పడుతుంది అనేదాన్ని. మనుషులకా, దానికా అని అడిగింది ఒకసారి. ఇద్దరికీ అన్నాను. పద్నాలుగు రోజులు, పదిహేడు రోజులు. ఈలోగా ఆమె మిషను మీది గుడ్డ తీసింది కానీ చేతి వేగం రాలేదు. ఒక్క చొక్కాకు ఒక పూటంతా పట్టేది. బావగారు మాట్లాడుతున్నారు కానీ, ముందులా అమ్మాయ్ అని పిలవడం మానేశారు. ఏదైనా చెప్పాలంటే, మీ కంపెనీకి పార్సిలు వచ్చింది అనేవారు. ఆ మీ అన్నది ముల్లులా గుచ్చుకుంటుందని ఆమె అనేది. అది పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో నేను చెప్పగలిగేది కాదు.

పందొమ్మిదో రోజు ఆమె నా గదిలోనే ఉంది. బరువుల పట్టిక పేజీలో ఒక అంకె తప్పుపడిందని దిద్దించడానికి వచ్చింది. ఫోన్ మోగింది. కొత్త నంబరు. నా వైపు చూసి, ఎత్తింది.

అవతల ఆడగొంతు. "జానెడు వాళ్ళేనా అండీ?"

టేపమ్మ ఫోన్ రెండో చెవికి మార్చుకుంది. అవతలివాళ్ళు మళ్ళీ అడిగారు.

"మీకెవరు చెప్పారు?" అంది ఆమె, అలవాటు కొద్దీ.

"ఎవరూ చెప్పలేదండీ. ఫోన్లో వెతికితే వచ్చింది. నేను వేరే ఊరి ఆసుపత్రిలో నర్సుని."

"పైన ఏం రాసుంది? పై వరసలో. కాస్త చదవరా?"

అవతలి ఆమెకు వింతగా అనిపించి ఉంటుంది. అయినా చదివింది. టోపీ బొమ్మ, జానెడు, దాని కింద నెల తక్కువ పిల్లల బట్టలు. ఇంకేమీ లేదా అని అడిగింది టేపమ్మ. ఇంకేముండాలండీ అంది ఆ నర్సు. నేను నా కంప్యూటర్లో వెతికి, తెర ఆమె వైపు తిప్పాను. ఉంది. ఆమె దాన్ని చూస్తూనే కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. ఆ ముఖంలో సంతోషం కన్నా, తరుముతున్నదేదో ఆగిందా లేదా అని వెనక్కి చూసే మనిషి చూపే ఎక్కువ కనిపించింది నాకు.

నర్సు ఆ పేరు కోసం ఫోన్ చెయ్యలేదు. వాళ్ళ వార్డులో తెల్లవారుజామున ఒక పాప పుట్టింది. ఆరువందల ఎనభై గ్రాములు. మీ దగ్గర అంత చిన్న సైజు ఉందా అని అడిగింది.

లేదు. టేపమ్మ దగ్గరున్న అచ్చుల్లో అన్నిటికన్నా చిన్నది ఎనిమిది వందల గ్రాములది. అది కూడా ఒకే ఒక్కసారి కుట్టింది. లేదు అనడానికి నోరు తెరిచి, మూసింది. నా బల్ల మీదున్న పేపరు లాక్కుంది. పెన్ను కోసం చెయ్యి చాస్తే ఇచ్చాను.

"తల చుట్టుకొలత చెప్పండి" అంది. "మెడ నుంచి నడుం దాకా ఎంతో చెప్పండి. తీగలు ఏ పక్కన పెట్టారో అది కూడా చెప్పండి."

నర్సు ఒక్కొక్కటీ చెబుతోంది. ఆమె పేపరు అంచున రాసుకుంటోంది. తల చుట్టుకొలత దగ్గర ఆగిపోయి, మెడలోంచి టేపు తీసి, ఆ అంకె మీద వేలు పెట్టి గుండ్రంగా చుట్టి చూసుకుంది. ఆ చుట్టలో ఆమె పిడికిలి పట్టలేదు.

"సరిగ్గా కొలిచారా అండీ?" అంది, గొంతు తగ్గించి. "ఇంకొక్కసారి కొలిచి చెప్పండి. నేను లైన్లోనే ఉంటాను."